కత్తి తగలని చెట్టు

సౌభాగ్యమ్మ పొద్దున్నే లేచి మొదట చూసేది తన తోటను కాదు, కంచె అవతలి తోటను. ఇంకా మొహమైనా కడుక్కోకుండా, పందుంపుల్ల నోట్లో పెట్టుకుని కంచె దగ్గర నిలబడి, లీలావతి చెట్లకు పూత ఎంత వచ్చిందో, ఏ కొమ్మ కాయల బరువుకు వంగిందో చూసుకునేది. చూసి, "ఏముందిలే, అంతా ఆకే గాని కాయేదీ!" అని తనకు తానే చెప్పుకుని పుల్ల నమిలి ఉమ్మేది. కాయ ఉందని ఆమెకు తెలుసు. ఉంది కాబట్టే రోజూ ఆ మాట అనుకోవలసి వచ్చేది.

లీలావతి పరాయిది కాదు, సొంత తోడికోడలు. తోట్లవల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డున మామగారు సుందరరాజు వేసిన నిమ్మతోట అది. ఆయన పోయే ముందు ఇద్దరు కొడుకులకూ చెరిసగం పంచాడు. పెద్దవాడు రత్నరాజుకు బావి ఉన్న పై సగం, చిన్నవాడు ఏసుబాబుకు కింది సగం. ఎద్దులతో మోట తోలితే నీళ్ళు ముందు పెద్దవాడి చెట్లకు పారి, అదే బోదె కాలువ వెంట చిన్నవాడి చెట్లకు దిగాలి. రత్నరాజు పెళ్ళాం సౌభాగ్యమ్మ "నీళ్ళ మొదలు మాది" అని ఊళ్ళో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. పాపం, ఆ మురిపెం ఏడాదన్నా నిలవలేదు. నీళ్ళు తనవైనా పేరు మాత్రం బోదె చివర ఉన్న లీలావతికి పోయింది.

పోదా మరి! సౌభాగ్యమ్మది పెదపారుపూడి. వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మొక్క అంటే మొదట్లో నీళ్ళు నిలవాలని చిన్నప్పటినుంచీ కళ్ళారా చూసింది. నిమ్మచెట్లకు కూడా మొదలు చుట్టూ పెద్ద పాదులు చేయించి, వరిమడిలాగా నిండా నింపించేది. చెట్టు మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే ఆమెకు కడుపు నిండేది. లీలావతి బందరు పిల్ల. తండ్రి అక్కడ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆ ఇంట్లో తుడవడం, కడగడం, ఆరబెట్టడం తప్ప వేరే పని ఉండేది కాదు కాబోలు, నిమ్మకాయలతో కూడా ఆమె అదే చేసేది. మంచు ఆరితే గాని కాయ కొయ్యనిచ్చేది కాదు. తొడిమ కొద్దిగా ఉంచి కత్తెరతో కోయించేది. పొడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, గంపలో ఎండుగడ్డి పరిచి సర్దేది. నేలరాలిన కాయ నిగనిగలాడుతున్నా సరే, గంపలో పడనిచ్చేది కాదు.

"పురిటిబిడ్డను తుడిచినట్టు తుడుస్తుందమ్మా మా చెల్లెలు" అని సౌభాగ్యమ్మ నలుగురిలో వెక్కిరించేది. గుడివాడ వ్యాపారి సాంబశివరావు మాత్రం బండి ఆగుతూనే, "చిన్నమ్మగారి గంపలు ముందు ఎక్కించండ్రా" అనేవాడు. పైగా, "పెద్దమ్మగారూ, ఏమీ అనుకోకండి, మీ కాయ గుడివాడ చేరేసరికి అడుగున బూజు పడుతోందండీ" అని కూడా అన్నాడొకసారి. సౌభాగ్యమ్మ ఆ రోజు అన్నం తినలేదు. బూజు పడ్డందుకు కాదు. లీలావతి వింటుండగా అన్నందుకు.

ఇక చర్చి సంగతి. వరికోతలయ్యాక ఏటా ఫిబ్రవరిలో వాళ్ళ చర్చిలో కోతపండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు. ఆరాధన కాగానే బయట పందిట్లో వాటిని వేలం వేస్తారు. ఎవరి కానుకకు పాట ఎక్కువ పలికితే వాళ్ళ పేరు ఆ ఏడంతా ఊరి నోళ్ళలో నానుతుంది. ఇది భక్తే, కాదనను. కాని భక్తిలో అంత ఉత్సాహం ఇంకే ఆదివారం కనబడదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు కోతపండుగలో లీలావతి లేచి నిలబడి, తమ తోటలో ఒక చెట్టు దేవుడికి ఇస్తున్నామనీ, దాని కాపంతా చర్చిదేననీ నెమ్మదిగా చెప్పి కూర్చుంది. సంఘమంతా "ఆమేన్" అంది. ఆ ఆమేన్ సౌభాగ్యమ్మ చెవుల్లో వారం రోజులు మోగింది. మరుసటి ఆదివారం పాస్టరుగారు ప్రార్థన ముగించారో లేదో, ఆవిడ దిగ్గున లేచింది.

"మేమూ ఇస్తున్నామండీ ఒక చెట్టు. ఏదో మూలనున్న చెట్టు కాదు, బావి పక్కనున్నది, మా మావయ్యగారు తన చేత్తో నాటింది, తోటంతటికీ పెద్దది. పైగా దేవుడి చెట్టు కాబట్టి దానికి కత్తి తగలనివ్వం. కొమ్మ నరకం, బెరడు గియ్యం. తెంపడం కూడా చేత్తోనే!"

రత్నరాజు బెంచీ మీద కూర్చుని భార్య వంక తెల్లబోయి చూశాడు. చెట్టు ఇవ్వడం గురించే ఆయనకు తెలియదు, కత్తి సంగతి ఎక్కడ తెలుస్తుంది! ఆ మాట నోటికి వచ్చేదాకా సౌభాగ్యమ్మకు కూడా తెలియదు. లీలావతి ఇచ్చినదాని కన్నా ఒక మెట్టు పైన ఉండాలి, అంతే. ఈసారి ఆమేన్ గట్టిగా వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళు కోతపండుగ పాటలో సౌభాగ్యమ్మ గంపదే పైచెయ్యి. ఆ రెండేళ్ళూ ఆమె కంచె దగ్గర తక్కువగా నిలబడింది.

మూడో ఏడు వానలు తగ్గాక బావి పక్క చెట్టు మొదట్లో తేనెరంగు బంక ఒక బొట్టు కనబడింది. సౌభాగ్యమ్మ కొంగుతో తుడిచేసింది. మర్నాటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచింది. తుడిచే ముందు, అటువైపు నుంచి ఎవరన్నా చూశారేమోనని కంచె వంక చూసింది.

ఆ రోజుల్లోనే బ్లాకు ఆఫీసు తరఫున గ్రామసేవకుడు గోవర్ధనరావు ఊళ్ళోకి వచ్చాడు. నిమ్మతోటలకు బంక తెగులు వస్తోంది, ఏం చెయ్యాలో చెబుతాను రమ్మని టముకు వేయించాడు. అందరూ వెళ్ళారు. సౌభాగ్యమ్మ వెళ్ళలేదు. మీటింగు పెట్టింది లీలావతి అరుగు మీద కదా! "మా బావి అరుగు కనబడలేదా వాళ్ళకి?" అని మూతి ముడుచుకుని కంచె పక్కన గడ్డి పీకుతున్నట్టు వంగి కూర్చుంది. కూర్చుంటే చెవులు ఊరుకుంటాయా?

"ఇది బూజు జాతి తెగులండీ. కంటికి కనబడదు. తడి మట్టిలో ఉంటుంది, పారే నీళ్ళతోపాటు చెట్టునుంచి చెట్టుకి వెళ్తుంది" అంటున్నాడు గోవర్ధనరావు. "మొదలుకి నీళ్ళు తగలనివ్వకండి. మొదట్లో మట్టి ఎగదోసి, దూరంగా చుట్టూ గాడి తీసి అందులో పారించండి. బంక కారిన చోట కత్తితో బెరడు మంచి భాగం దాకా గీకేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయండి."

కత్తి అనే మాట వినగానే సౌభాగ్యమ్మ చేతిలో గడ్డి అక్కడే పారేసి లేచిపోయింది. ఇదంతా తన చెట్టును ఉద్దేశించి లీలావతి చెప్పించిందేనని ఆమెకు అనుమానం లేదు.

వారం తిరక్కుండా లీలావతి తోటలో చెట్లన్నీ మోకాలెత్తు నీలంరంగు పూసుకుని బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి. మట్టిబానలో మిగిలిన ముద్ద పట్టుకుని లీలావతి కంచె దగ్గరికి వచ్చింది.

"అక్కయ్యా, ఇది కాస్త మిగిలింది. రేపటికి పనికిరాదు. మీ చెట్లకి పూయించండి."

"మిగిలింది మాకా? మేం ఇంకా అంత దిగజారలేదమ్మా" అంది సౌభాగ్యమ్మ.

లీలావతి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ మొహం చూసి సౌభాగ్యమ్మకు ఆ పూట హాయిగా ఉంది. ఇటు బావి పక్క చెట్టు ఆకులు పసుపెక్కుతున్నాయి. దాని కింది చెట్టుకూ బంక మొదలైంది. దాని కింది దానికీ.

ఆ ఎండాకాలం ఏసుబాబు ఇద్దరు మనుషుల్ని పెట్టి బావి దగ్గర్నుంచి, అన్నగారి చెట్లకు ఎడంగా, గట్టు వారనే తమ తోటకు వేరే బోదె తవ్వించాడు. రత్నరాజును అడిగే తవ్వించాడు, ఆయన సరేనన్నాడు కూడా. సౌభాగ్యమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తన చెట్లను తాకిన నీళ్ళు లీలావతి చెట్లకు పనికిరావా? అంటరాని నీళ్ళా అవి? మగవాళ్ళు సంతకు వెళ్ళిన రోజు చూసి, పార తీసుకుని, కొత్త బోదె నోరు మట్టితో పూడ్చి పాతబోదెకు గండి కొట్టింది. మోట తోలుతుంటే నీళ్ళు ఎప్పట్లాగే తన పాదుల్లో నిలిచి, రోగమొచ్చిన చెట్ల మొదళ్ళు కడుక్కుని, కంచె దాటి లీలావతి తోటలోకి దిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. లీలావతి చూసింది, నోరు తెరవలేదు. తోడికోడలు నోరు తెరవకపోతే ఎంత మండుతుందో అనుభవించినవాళ్ళకు తెలుసు.

వానలకు లీలావతి చెట్లలోనూ నాలుగైదింటికి బంక కారింది. నిజం చెప్పాలంటే సౌభాగ్యమ్మ సంతోషించింది. కంచె దగ్గర నిలబడి, "అయ్యో, నీలం మందు పనిచెయ్యలేదేమే లీలా!" అని జాలిపడింది. లీలావతి కత్తి పట్టుకుని తానే చెట్టు చెట్టు దగ్గరా కూర్చుని గీకింది, పూసింది, మట్టి ఎగదోసింది. ఒక్క చెట్టు తప్ప అన్నీ తేరుకున్నాయి. దాంతో చుట్టుపక్కల రైతులు చూడ్డానికి వచ్చారు. కృష్ణ ఒడ్డునే ఉన్న శ్రీకాకుళం ఊరి నుంచి వెంకటాద్రిగారనే పెద్దరైతు బండి కట్టుకుని మరీ వచ్చి, "తెగులును తరిమికొట్టిన తల్లివమ్మా" అన్నాడు.

సౌభాగ్యమ్మ అది విని ఇంట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. "చూశారా, తెగులు ముందు వచ్చింది మనకి. పేరు మాత్రం దానికి" అంది మొగుడితో. రత్నరాజు చుట్ట వెలిగించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది కోతపండుగ. అక్కడన్నా తన గంప నెగ్గాలి. బావి పక్క చెట్టుకు సగం కొమ్మలు ఎండిపోయినా, కింది కొమ్మలకు కాయ ఇంకా ఉంది. నేలకు ఆనుతున్న కాయ, రాలిన కాయ, మంచు తడి ఆరని కాయ, అన్నీ గంపకెత్తింది. లీలావతి కాయలకన్నా తాజాగా, మెరుస్తూ కనబడాలని నీళ్ళు చల్లి, తడిపిన గోనె కప్పి, పండుగ దాకా అటక కింద దాచింది. కూరగాయలను అలాగే కదా దాస్తారు!

పందిట్లో వేలం వేసేది సంఘపెద్ద దైవసహాయం. కంచుగొంతు మనిషి. "ఇదుగో, బావి పక్క చెట్టు, కత్తి తగలని చెట్టు, సౌభాగ్యమ్మగారి కానుక!" అని కేకవేసి గోనె లాగాడు. లోపల్నుంచి పచ్చటి దుమ్ము లేచింది. దైవసహాయం ఆపకుండా తుమ్మాడు. మొదట పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పైవరస కాయలకు పచ్చని బూజు, దాని చుట్టూ తెల్లటి అంచు. కింది వరస కాయలు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే వేలు దిగుతున్నాయి. ఆ కంపు పందిరంతా కమ్మేసింది.

సౌభాగ్యమ్మ నవ్విన వాళ్ళను చూడలేదు. ఆమె చూసింది లీలావతిని. లీలావతి నవ్వలేదు. తన గంపను రెండు చేతులా ఎత్తి, బూజు అంటకుండా అవతలి గుంజ దగ్గరికి జరిపి పెట్టుకుంది. అంతే. నవ్వినా బాగుండేది.

ఆ సాయంత్రం రత్నరాజు ఆమెను చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్ళాడు. బావి పక్క చెట్టు దగ్గర నిలబెట్టి, బోదె వెంట చెయ్యి చాపాడు. నీళ్ళు పారిన వరసే చెట్లు పసుపెక్కి ఉన్నాయి. పక్క వరస పచ్చగా ఉంది.

"దీని దగ్గర మొదలైంది. ఇంకో రెండేళ్ళు ఇలాగే ఉంటే మనకి తోట ఉండదు, కట్టెలుంటాయి. కత్తి మాట నువ్వన్నావు. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. నువ్వే తీసుకోవాలి" అన్నాడు.

ఆమె ఆఖరి ఆశగా పాస్టరుగారి ఇంటికి వెళ్ళింది. మొక్కుకున్న మాట తప్పకూడదని ఆయన అంటే బాగుణ్ణు, ఇక ఎవరూ ఏమీ అనలేరు. ఆయన అంతా విని అడిగారు: "సౌభాగ్యమ్మా, చెట్టు దేవుడికిచ్చావు, సంతోషం. కత్తి తగలకూడదని దేవుడు అడిగాడా?"

"లేదండీ."

"మరి ఎవరి కోసం అన్నావు?"

సౌభాగ్యమ్మ కొంగు సర్దుకుని లేచింది. ఎవరి కోసమో ఆయనకూ తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ వచ్చిన దారినే వెనక్కి నడిచింది, కాని తన గుమ్మం దగ్గర ఆగలేదు. అన్ని సంవత్సరాల్లో మొదటిసారి కంచె చుట్టూ తిరిగి లీలావతి వాకిట్లోకి వెళ్ళింది. గుమ్మం ఎక్కకుండానే, "ఒకసారి వచ్చి మా చెట్టు చూడవే" అంది.

లీలావతి చేతులు కడుక్కుని వెంటనే వచ్చింది. మొదట్లో మట్టి తోడి, బెరడు చుట్టూ వేళ్ళతో నొక్కి చూసింది. ఎక్కడ నొక్కినా తడిచెక్కలాగా ఊడి వస్తోంది.

"చుట్టూ తినేసింది అక్కయ్యా. గీకడానికి బెరడే మిగల్లేదు. వేళ్ళతో సహా తీయించి కాల్చెయ్యాలి. గోతిలో సున్నం చల్లి ఎండబెట్టాలి. మిగతావి చాలావరకు బతుకుతాయి."

"నా చెట్టు పోతే దేవుడి చెట్టంటే నీదొక్కటే మిగుల్తుందనా?"

అనేసింది. ఆ పరిస్థితిలో కూడా అనేసింది! లీలావతి తలెత్తి చూసింది. "నా దేవుడి చెట్టుకే మొదట కత్తి పెట్టాను అక్కయ్యా. దానికే ముందు బంక కారింది" అని మాత్రం అంది.

మర్నాడు కూలివాళ్ళు వచ్చేలోపలే సౌభాగ్యమ్మ గొడ్డలి తీసుకుని మొదటి వేటు తానే వేసింది. మామగారు నాటిన చెట్టు. నాలుగు వేట్లకే ఒరిగింది, లోపల అంత గుల్ల. ఆ తర్వాత ఎండాకాలమంతా ఆమె లీలావతి చెప్పినట్టు చేసింది, చెప్పినందుకు సణుగుతూనే చేసింది. పాదులు పూడ్పించి దూరంగా గాడులు తీయించింది. తాను పూడ్చిన బోదె నోరు తానే తవ్వింది. ముద్ద కలపడానికి ఇనుప బొచ్చె తెస్తే లీలావతి కంచె మీదుగా కేకేసి ఆపింది, తుత్తం ఇనుమును తినేస్తుందని. సౌభాగ్యమ్మ బొచ్చెను విసిరికొట్టి బాన తెచ్చుకుంది.

మరుసటి కోతపండుగకు ఆమె దగ్గర గంప లేదు. ఖాళీ చేతులతో వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది. పందిట్లో లీలావతి నిమ్మకాయలు వేలానికి వచ్చాయి. పొడిగా, తొడిమలతో, ఒక్క మచ్చ లేకుండా. పాట మొదలైంది. రెండు గొంతులు పోటీపడుతుండగా వెనకనుంచి మూడోది వినబడింది. దైవసహాయం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. సౌభాగ్యమ్మ! వాళ్ళు పెంచారు, ఆమె పెంచింది. మళ్ళీ పెంచారు, మళ్ళీ పెంచింది. రత్నరాజు వద్దనలేదు. చివరికి ఆ గంప నెత్తిన పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటికి నడిచింది.

సాయంత్రం లీలావతి ఉండబట్టలేక కంచె దగ్గరికి వచ్చింది. సౌభాగ్యమ్మ కాయలు కోసి, గింజలు వేరుచేసి, నీడలో చేటలో ఆరబోస్తోంది.

"నారు పోస్తాను" అంది, అడక్కుండానే. "ఆ గొయ్యి ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నా. తెగులొచ్చిన నా చెట్ల గింజ వెయ్యమంటావా?" గింజలు కదుపుతూ, "కాయ బాగానే ఉందిలే. తొక్కే కాస్త మందం" అంది.

లీలావతి నవ్వింది. కంచె కర్ర పట్టుకుని ముందుకు వంగింది.

"అక్కయ్యా, ఒక మాట చెబితే తిట్టవుగా? మావయ్యగారు నీళ్ళ మొదలు మీకిచ్చి చివర మాకిచ్చిన రోజు నేను గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఆయన చేత్తో నాటిన చెట్టూ మీకే పోయింది. రోజూ పొద్దున్నే ఆ చెట్టును చూసి కుమిలిపోయేదాన్ని. మీ కాయకంటే నా కాయ బాగుండాలని, అంతే, ఇంకేం లేదు. ఆ తుడవడాలు, ఆ పూయడాలు, అన్నీ దాని కోసమే. నువ్వు మీ చెట్టు దేవుడికిచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు."

సౌభాగ్యమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. లీలావతి! ఆ మరక పడని చీర, ఆ మెత్తటి మాట, ఆ నోరు తెరవనితనం! తన చెట్టును చూసి కుమిలిపోయిందా? ఆమె మొహంలోకి ఎన్నో ఏళ్ళుగా లేని వెలుగు వచ్చింది. మళ్ళీ అంతలోనే, బావి పక్కన సున్నం చల్లిన గొయ్యి కనబడింది.

"ఆ ముక్కేదో అప్పుడే చెప్పి చావచ్చుగా! నా చెట్టు బతికేది కదే" అని, చేట పక్కన పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమంది.